రోజూ దూరం తొక్కేవారు ఎలక్ట్రిక్ సైకిల్‌ను ఎలా ఎంచుకోవాలి

రోజుకు నాలుగైదు కిలోమీటర్లు తిరిగేవారికి దాదాపు ఏ ఎలక్ట్రిక్ సైకిలైనా సరిపోతుంది. ఒకవైపే ఇరవై, ముప్పై కిలోమీటర్లు వెళ్లేవారి సంగతి వేరు. పోనూ రానూ 50 కిలోమీటర్లు, ఏడాదికి 240 పనిదినాలు అనుకోండి. మొత్తం 12,000 కిలోమీటర్లు. వారానికోసారి సరదాగా బయటికి తీసే సైకిల్ పదేళ్లకు కూడా అంత దూరం తిరగదు. ఇంత వాడకంలో బ్యాటరీ, చైను, బ్రేకు ప్యాడ్లు, స్పోకులు అన్నీ త్వరగా అరుగుతాయి. షాపులో అయిదు నిమిషాలు తొక్కి చూస్తే ఈ అరుగుదల ఏదీ కనిపించదు.

అందుకని ఏడాది మొత్తంలో మీకు వచ్చే అతి కష్టమైన రోజును మనసులో పెట్టుకుని కొనండి. ఎదురుగాలి, వాన, బ్యాగు నిండా బరువు, మూడేళ్లు వాడిన బ్యాటరీ, అన్నీ ఒకేరోజు కలిసొచ్చినా సైకిల్ మిమ్మల్ని ఇంటికి చేర్చాలి. ఆ రోజుకు సరిపోయింది మిగతా రోజులకు ఎలాగూ సరిపోతుంది.

ఇక్కడ చెబుతున్నది పెడల్ తొక్కుతుంటే మోటార్ సాయం చేసే సైకిళ్ల గురించి.

ముందు దారిని కొలవండి

షాపుకు వెళ్లకముందే ఒక కాగితం మీద కొన్ని సంగతులు రాసుకోండి. ఫోన్ మ్యాప్‌లో సైకిల్ దారి పెట్టి చూస్తే దూరంతోపాటు మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలో కూడా తెలుస్తుంది. వెళ్లేటప్పుడు ఎంత, వచ్చేటప్పుడు ఎంత అని విడివిడిగా రాయండి, రెండూ ఒకటి కావు. అన్నిటికన్నా నిటారుగా ఉన్న ఎక్కుడు ఎంత పొడవో గుర్తించండి. అర కిలోమీటరు ఎక్కుడుకీ మూడు కిలోమీటర్ల ఎక్కుడుకీ పనికొచ్చే మోటార్లు వేరు.

రోడ్డు ఎలా ఉంటుంది? గుంతలా, కంకరా, నున్నటి తారా? ఎన్నిచోట్ల ఆగి మళ్లీ బయల్దేరాలి? పనిచేసే చోట ప్లగ్గు దొరుకుతుందా? సైకిల్‌ను మెట్ల మీదుగా మోయాలా? చివరి రెండు ప్రశ్నలకు జవాబులు వచ్చేసరికి షాపులో ఉన్న సైకిళ్లలో సగం పక్కకు పోతాయి.

బ్యాటరీ లెక్క

ప్రకటనలో ‘100 కిలోమీటర్ల రేంజి’ అని కనిపిస్తే దాన్ని పట్టించుకోవద్దు. తేలికైన మనిషి, చదును రోడ్డు, గాలి లేని రోజు, అతి తక్కువ సాయం పెట్టుకుంటే వచ్చే అంకె అది. చూడాల్సింది వాట్ అవర్లు. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వస్తాయి. 36 వోల్టులు, 14 ఆంపియర్ అవర్లు అయితే 504 వాట్ అవర్లు. అదే 14 ఆంపియర్ అవర్లు 48 వోల్టులలో అయితే 672. ఆంపియర్ అవర్లు ఒక్కటే చూసి రెండు బ్యాటరీలను పోల్చి మోసపోయేవారు చాలామంది ఉంటారు.

ఇక ఖర్చు సంగతి. గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగంతో, చదును దారిలో, మీరూ శ్రమ పడుతూ తక్కువ సాయంతో వెళితే కిలోమీటరుకు 6 నుంచి 8 వాట్ అవర్లు పోతాయి. మధ్యస్థ సాయంతో 9 నుంచి 12. పూర్తి సాయం పెట్టి కాళ్లు ఊరికే తిప్పుతూ పోతే 13 నుంచి 18. తొక్కకుండా థ్రాటిల్ (స్కూటర్‌లో ఉండే యాక్సిలరేటర్ లాంటిది) మీదే నడిపితే 20 దాకా వెళ్లొచ్చు.

ఎక్కుళ్లకు విడిగా లెక్క వేయాలి. మనిషి, సైకిల్, బ్యాగు కలిపి 105 కిలోలు ఉంటే 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి దాదాపు 29 వాట్ అవర్లు కావాలి. అందులో మూడోవంతు మీ కాళ్లే ఇచ్చినా, మోటార్‌లో వేడిగా పోయేది కలుపుకుంటే బ్యాటరీ నుంచి 25 దాకా ఖర్చవుతుంది. దిగేటప్పుడు అందులో తిరిగి వచ్చేది అతి స్వల్పం. చాలా సైకిళ్లలో ఏమీ రాదు.

ఇప్పుడు ఒక దారికి పూర్తిగా లెక్క కట్టి చూద్దాం. ఒకవైపు 25 కిలోమీటర్లు, 150 మీటర్ల ఎక్కుడు, మధ్యస్థ సాయం. కిలోమీటరుకు 10 చొప్పున 250, ఎక్కుడుకు 38, కలిపి 288 వాట్ అవర్లు. ఎదురుగాలికి 20 శాతం కలిపితే 345. బ్యాటరీని ఎప్పుడూ 15 శాతం కన్నా కిందికి దించకూడదు కాబట్టి 0.85తో భాగిస్తే 406. మూడేళ్లకు సామర్థ్యం 80 శాతానికి పడిపోతుందనుకుని మళ్లీ 0.8తో భాగిస్తే 508. అంటే పనిచేసే చోట ఛార్జింగ్ పెట్టుకునే వీలుంటే 500 వాట్ అవర్ల బ్యాటరీ చాలు. వీలు లేకపోతే పోనూ రానూ ఒకే ఛార్జింగ్‌తో నడవాలి కనుక 1,000 కావాలి.

ఈ తేడాను కాసేపు ఆలోచించండి. 500 వాట్ అవర్ల బ్యాటరీ మూడు కిలోల దగ్గర ఉంటుంది, 1,000ది ఆరు కిలోల దాకా తూగుతుంది. పనిచేసే చోట ఒక ప్లగ్గు, అక్కడే వదిలేసే రెండో ఛార్జర్ ఉంటే ఆ అదనపు బ్యాటరీ ఖర్చూ, రోజూ మోసే బరువూ తప్పుతాయి. మామూలు 2 ఆంపియర్ల ఛార్జర్ 36 వోల్టుల బ్యాటరీలోకి గంటకు 75 వాట్ అవర్ల దాకా పంపుతుంది. పొద్దున వచ్చేటప్పుడు ఖర్చైన 288 వాట్ అవర్లు నాలుగు గంటల్లో నిండుతాయి. కొనేముందే యాజమాన్యాన్ని అడిగి, ఛార్జింగ్‌కు అనుమతి ఉందో లేదో తేల్చుకోండి. లిథియం బ్యాటరీలను లోపలికి రానివ్వని భవనాలు ఉన్నాయి.

ఆయుష్షు కూడా ఈ లెక్కలోంచే వస్తుంది. మంచి లిథియం అయాన్ బ్యాటరీ 500 నుంచి 1,000 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత 80 శాతానికి దిగుతుంది. రోజుకు 500 వాట్ అవర్లు వాడుతూ 700ల బ్యాటరీ పెట్టుకుంటే ఏడాదికి 170 పూర్తి ఛార్జింగ్‌లు, అంటే తక్కువలో తక్కువ మూడేళ్లు. కాబట్టి సైకిల్ నచ్చినా సరే, అదే కొలతల బ్యాటరీ మూడేళ్ల తర్వాత విడిగా దొరుకుతుందా అని అడగండి. ఫ్రేము గొట్టంలో ప్రత్యేక ఆకారంలో ఇమిడిపోయిన బ్యాటరీని ఆ కంపెనీ తప్ప ఇంకెవరూ ఇవ్వలేరు. ఆ మోడల్ ఆగిపోతే సైకిల్ మొత్తం మూలన పడుతుంది. చాలా కంపెనీలు వాడే, డౌన్‌ట్యూబ్ (హ్యాండిల్ వైపు నుంచి పెడళ్ల వైపు దిగే గొట్టం) మీద బిగించే మామూలు డబ్బాలో వచ్చే బ్యాటరీకి ఈ బెడద తక్కువ.

చలి ప్రాంతాల్లో ఉండేవారు ఇంకో 20 శాతం కలుపుకోండి. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన పూర్తి శక్తిని ఇవ్వలేదు.

వేగం మీద ఆశ

చాలా దేశాల్లో 250 వాట్ల మోటార్, గంటకు 25 కిలోమీటర్ల వరకే సాయం ఉంటేనే దాన్ని మామూలు సైకిల్ కింద లెక్కిస్తారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 32, 45 కిలోమీటర్ల తరగతులు ఉన్నాయి. యూరప్‌లో 45 కిలోమీటర్ల వేగం ఇచ్చేవి మోపెడ్‌ల లెక్కలోకి వస్తాయి, నంబర్ ప్లేటు, బీమా తప్పవు. మీ దగ్గర ఏ నియమం ఉందో ముందే చూసుకోండి. ప్రమాదం జరిగినప్పుడు మొదట చూసేది దాన్నే.

దూరం ఎక్కువ కాబట్టి వేగం కావాలనిపించడం సహజం. గాలి నిరోధం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. 25 నుంచి 32కు వెళితే గాలి ఆపే బలం 1.6 రెట్లు, 45కు వెళితే 3.2 రెట్లు. అదే 25 కిలోమీటర్ల దారికి 45 వేగంతో అయితే దాదాపు రెండింతల బ్యాటరీ కావాలి. కలిసొచ్చే సమయం మాత్రం అంత ఉండదు. సిగ్నళ్లు, మలుపులు పోను 25 కిలోమీటర్ల సైకిల్‌కు సగటు వేగం 20 దగ్గర, 45 కిలోమీటర్ల దానికి 30 పైచిలుకు ఉంటుంది. 75 నిమిషాల ప్రయాణం 50 నిమిషాల లోపుకు దిగవచ్చు. అది చిన్న లాభం కాదు, ఊరి బయటి ఖాళీ రోడ్ల మీద వెళ్లేవారికి ఆ ఖర్చు గిట్టుబాటే. దారిలో సగం రద్దీ ఉంటే గిట్టదు.

25 కిలోమీటర్ల సైకిల్ కొని దాని వేగ పరిమితి లాక్ తీయించుకోవడం మాత్రం వద్దు. వారంటీ పోతుంది. దాని బ్రేకులు, రిమ్ములు, ఫోర్కు రోజంతా 40 వేగాన్ని తట్టుకునేలా చేసినవి కావు.

హబ్ మోటారా, మిడ్ మోటారా

హబ్ మోటార్ చక్రం మధ్యలో ఉంటుంది, చైనుతో సంబంధం లేకుండా చక్రాన్నే తిప్పుతుంది. మిడ్ మోటార్ పెడళ్ల దగ్గర ఉండి, మీ కాళ్ల బలంతో కలిసి చైను ద్వారా గేర్ల మీదుగా పనిచేస్తుంది. రెండింటి న్యూటన్ మీటర్లను (తిప్పే బలం కొలతను) పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. పెడళ్ల దగ్గర 60 న్యూటన్ మీటర్లు ఇచ్చే మిడ్ మోటార్, ముందు 38, వెనక 48 పళ్ల గేర్లలో చక్రం దగ్గర 76 ఇస్తుంది. వెనక 11 పళ్ల గేర్లో అదే మోటార్ ఇచ్చేది 17 మాత్రమే. హబ్ మోటార్ 40 ఇస్తుందంటే ఏ గేర్లోనైనా చక్రం దగ్గర అదే 40.

దీన్నిబట్టి మిడ్ మోటార్ ఎందుకు కొండ ఎక్కుతుందో, ఎక్కుడులో గేరు తగ్గించకపోతే ఎందుకు మొరాయిస్తుందో అర్థమవుతుంది. చదును దారిలో, మధ్యమధ్య చిన్న ఎక్కుళ్లతో వెళ్లేవారికి మా సలహా వెనక చక్రంలో, మోటార్ లోపలే గేర్లున్న హబ్ మోటార్. చైను మీద మోటార్ భారం పడదు, సాయం ఆగినా దాని లోపలి ఫ్రీవీల్ వల్ల చక్రం బరువుగా అనిపించదు, చైను తెగినా థ్రాటిల్ ఉంటే ఇంటికి రావచ్చు. దాని బలహీనత పొడవాటి ఎక్కుడు. వేగం 10, 12 కిలోమీటర్లకు పడిపోయి పది నిమిషాలు అలాగే లాగాల్సి వస్తే, కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. లోపలి నైలాన్ గేర్లు మెత్తబడి అరుగుతాయి. మీ కాగితం మీద రెండు కిలోమీటర్లకు మించి, ఎనిమిది శాతానికి పైన ఎక్కుడు ఉంటే మిడ్ మోటారే తీసుకోండి.

గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్ కూడా ఒకటి ఉంది. చప్పుడు ఉండదు, అరిగే భాగాలు దాదాపు లేవు, బ్రేకు వేస్తే కొంచెం కరెంటు వెనక్కి ఇస్తుంది. బరువు ఎక్కువ, కరెంటు లేకుండా తొక్కితే గట్టిగా లాగుతుంది. వేగంగా, ఎక్కువగా ఆగకుండా పోయే దారులకు బాగుంటుంది. ముందు చక్రంలో మోటార్ ఉన్నవాటి జోలికి దూరప్రయాణీకులు వెళ్లకపోవడమే మంచిది. తడి రోడ్డు మీద, కంకర మీద ముందు చక్రం జారితే నిలదొక్కుకోవడం కష్టం.

వాట్ల అంకె కన్నా సెన్సర్ ముఖ్యమని చెబితే చాలామంది నమ్మరు. కేడెన్స్ సెన్సర్ పెడల్ తిరుగుతోందా లేదా అన్నదే చూస్తుంది. అర చుట్టు తిరిగాక ఒక్కసారిగా మోటార్ అందుకుంటుంది, తొక్కడం ఆపాక కూడా క్షణంపాటు తోస్తుంది. టార్క్ సెన్సర్ మీరు ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచి దానికి తగ్గట్టే సాయం చేస్తుంది. రోజూ రెండున్నర గంటలు సీటు మీద కూర్చునేవారికి ఈ తేడా మోకాళ్లలో తెలుస్తుంది. పైగా టార్క్ సెన్సర్ ఉంటే మీరు తెలియకుండానే కొంచెం ఎక్కువ తొక్కుతారు, బ్యాటరీ ఎక్కువ దూరం వస్తుంది. డబ్బు ఎక్కడో ఒకచోట తగ్గించుకోవాల్సి వస్తే డిస్‌ప్లే దగ్గర తగ్గించుకోండి, సెన్సర్ దగ్గర వద్దు.

వెనక చక్రం పంక్చర్

హబ్ మోటార్ వద్దనుకునేవారు చెప్పే కారణాల్లో ఇదే పెద్దది. చక్రం విప్పడం మామూలు సైకిల్ కన్నా కష్టమే, నేర్చుకుంటే పావుగంట పని. కొనేముందు షాపులోనే ఒకసారి విప్పి చూపించమనండి.

సైకిల్ ఆపి, బ్యాటరీ తీసి పక్కన పెట్టండి. చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం ఇరుసుకు వెళ్లే ఫ్రేము గొట్టం) వెంబడి మోటార్ వైరు వస్తుంది, మధ్యలో వేలెడంత గుండ్రటి కనెక్టర్ ఉంటుంది. దాని రెండు ముక్కల మీద బాణం గుర్తులు ఉంటాయి. మెలితిప్పకుండా నిటారుగా లాగండి. మెలితిప్పితే లోపలి సన్నటి పిన్నులు వంగుతాయి, తర్వాత మోటార్ కుదుపులతో తిరుగుతుంది. చాలా హబ్ మోటార్ల ఇరుసు నట్లకు 18 మిల్లీమీటర్ల పానా పడుతుంది. నట్టు కింద కొక్కెంలాంటి వాషరు ఒకటి ఉంటుంది, దాని నాలుక ఫ్రేము గాడిలోకి దిగుతుంది. ఏది ముందు, ఏది వెనక వచ్చిందో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డిస్కు బ్రేకు ఉంటే చక్రం బయట ఉన్నంతసేపు బ్రేకు పట్టకండి. పడితే ప్యాడ్లు దగ్గరికొచ్చి డిస్కు లోపలికి వెళ్లదు.

తిరిగి బిగించేటప్పుడు వాషరు నాలుక గాడిలో కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. నట్లను 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు బిగించాలి, అంటే జానెడు పానాతో బలంగా. వదులుగా ఉంటే మోటార్ బలానికి ఇరుసే తిరిగిపోయి వైరును తెంచేస్తుంది. హబ్ మోటార్ల పెద్ద రిపేర్లలో ఎక్కువ ఇలా మొదలయ్యేవే. వైరు ఇరుసు నుంచి బయటికి వచ్చేచోట కిందికి ఒక వంపు ఉండేలా కట్టండి, వాననీరు వైరు వెంట మోటార్‌లోకి జారకుండా ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

అసలు పంక్చర్లు తగ్గాలంటే టైరు దగ్గరే ఖర్చు పెట్టాలి. లోపల రక్షణ పొర ఉన్న 47 నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పు టైరు ఈ పనికి సరిగ్గా నప్పుతుంది. సన్న టైర్ల కన్నా గుంతల్లో మెత్తగా ఉంటుంది, పెద్ద ఫ్యాట్ టైర్లలా కరెంటు తినదు. పైన చెప్పిన 105 కిలోల బరువుకు వెనక 50 పీఎస్ఐ, ముందు 43 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, టైరు పక్కన రాసిన పరిమితి దాటకుండా సర్దుకోండి. వారానికోసారి గాలి చూడండి. 15 పీఎస్ఐ తగ్గినా చేత్తో నొక్కితే తెలియదు, బ్యాటరీకి మాత్రం తెలుస్తుంది.

బ్రేకులు, చైను, స్పోకులు

25 కిలోల సైకిల్ మీద దూరం వెళ్లేవారికి హైడ్రాలిక్ డిస్కు బ్రేకులే తీసుకోండి. ముందు 180 మిల్లీమీటర్ల డిస్కు ఉంటే మంచిది. తీగతో లాగే డిస్కు బ్రేకులు పనిచేయవని కాదు, ప్యాడ్లు అరిగేకొద్దీ ప్రతి వారం బిగించుకోవాలి. హైడ్రాలిక్‌లో ఆ సర్దుబాటు దానంతటదే జరుగుతుంది. వాన, బురద ఉండే దారుల్లో రెసిన్ ప్యాడ్లు వెయ్యి కిలోమీటర్లకే అయిపోవచ్చు. లోహపు ప్యాడ్లు అంతకు రెండింతలకు పైగా వస్తాయి, కొంచెం కూత పెడతాయి. లోహపు ప్యాడ్లు వేసేముందు మీ డిస్కు మీద ‘రెసిన్ ప్యాడ్లు మాత్రమే’ అన్న ముద్ర లేదని చూసుకోండి. ప్యాడ్ మందం మిల్లీమీటరు కన్నా తగ్గితే ఆగకుండా మార్చేయాలి. బ్రేకు పట్టగానే మోటార్ ఆగే స్విచ్చు ఉందో లేదో కూడా చూడండి, కేడెన్స్ సెన్సర్ ఉన్నవాటికి ఇది తప్పనిసరి.

మిడ్ మోటార్ మీద చైను సాధారణంగా 2,000 నుంచి 3,000 కిలోమీటర్లు వస్తుంది. మీ ఏడాది దూరానికి నాలుగు నుంచి ఆరు చైన్లు. చైను సాగుదలను కొలిచే చిన్న గేజి కొని పెట్టుకోండి. పది గేర్ల వరకు 0.75 శాతం, 11 లేదా 12 గేర్లకు 0.5 శాతం చూపగానే చైను మార్చితే వెనక పళ్లచక్రం బతుకుతుంది. ఆలస్యం చేస్తే రెండూ కలిపి మార్చాలి. గేరు మార్చే క్షణంలో పెడల్ మీద బలం తగ్గించే అలవాటు చేసుకుంటే ఆయుష్షు ఇంకా పెరుగుతుంది. ఇదంతా వద్దనుకుంటే బెల్టు, హబ్ లోపలే గేర్లు ఉన్న సైకిల్ చూడండి. నూనె అక్కర్లేదు, ప్యాంటుకు మరక అంటదు, బెల్టు 20,000 కిలోమీటర్లు దాటి నడుస్తుంది. దానికి విడదీసే వీలున్న ఫ్రేము కావాలి కనుక తర్వాత మార్పించుకోవడం కుదరదు, కొనేటప్పుడే నిర్ణయించుకోవాలి.

వెనక హబ్ మోటార్ చక్రానికి మామూలు కన్నా లావుపాటి స్పోకులు ఉండాలి. కొత్త స్పోకులు మొదటి 200, 300 కిలోమీటర్లలో కుదురుకుని వదులవుతాయి. అప్పుడు బిగించకుండా వదిలేస్తే ఆర్నెల్లకు ఒక్కొక్కటే వంపు దగ్గర విరగడం మొదలవుతుంది. రెండేసి స్పోకులను వేళ్ల మధ్య నొక్కి చూడండి. ఒకే వైపున్నవన్నీ ఇంచుమించు ఒకేలా బిగువుగా ఉండాలి. ఒకటి విరిగితే ఆ ఒక్కటే మార్చి ఊరుకోకుండా చక్రం మొత్తం సరిచేయించండి.

శరీరం, బరువు, వాన

కూర్చునే తీరు పట్టించుకోకుండా కొన్నవారు రెండో నెలలోనే సైకిల్ వదిలేస్తారు. పెడల్ అట్టడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా సాగాలి. అలా ఉంటే పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. గంటకు పైగా తొక్కేవారు నిలువుగా కూర్చుంటే ఎదురుగాలి మొత్తం ఛాతీకి తగులుతుంది, నడుముకు కుదుపులు నేరుగా వస్తాయి. కొద్దిగా ముందుకు వంగిన భంగిమ మేలు. మెత్తటి వెడల్పు సీటు మొదటి పావుగంట బాగుంటుంది, తర్వాత తొడలు ఒరుసుకుంటాయి. గట్టిగా, మీ కూర్చునే ఎముకల వెడల్పుకు సరిపోయే సీటు చూసుకోండి.

గుంతల రోడ్డుకు ముందు ఫోర్కు సస్పెన్షన్ కన్నా వెడల్పు టైరు, సస్పెన్షన్ ఉన్న సీటు గొట్టం కలిపి ఎక్కువ పనిచేస్తాయి. చౌక ఫోర్కు రెండు కిలోల బరువు కలిపి ఏడాదికే కీచుమంటుంది.

మడ్‌గార్డులు, 25 కిలోలు మోసే క్యారియర్, ప్రధాన బ్యాటరీతోనే వెలిగే లైట్లు సైకిల్‌తోనే రావాలి. బ్యాగు వీపుకు తగిలించుకుంటే ఇంత దూరంలో చొక్కా తడిసి ముద్దవుతుంది, క్యారియర్‌కు పక్కన తగిలించే సంచులు వాడండి. వానకు మోటార్, బ్యాటరీ కనీసం ఐపీఎక్స్4 స్థాయివై ఉండాలి. అది తుంపరలకు, చిందే నీటికి సరిపోతుంది. మోకాలి లోతు నీళ్లలోకి దించడానికీ, ప్రెజర్ పంపుతో కడగడానికీ సరిపోదు.

తొక్కి చూసేటప్పుడు

మీ దారిలోని నిటారు ఎక్కుడుకు దగ్గరగా ఉన్నదాన్ని వెతికి, బ్యాగులో రోజూ మోసేంత బరువు పెట్టి తొక్కండి. ఎక్కుడు మధ్యలో పూర్తిగా ఆగి, అక్కడి నుంచే బయల్దేరండి. సులభంగా కదలాలి. తర్వాత మోటార్ పూర్తిగా ఆపేసి రెండు కిలోమీటర్లు తొక్కండి. బ్యాటరీ అయిపోయిన రోజు మీ పరిస్థితి అదే. చదును మీద 14, 15 వేగంతో వెళ్లలేకపోతే ఆ సైకిల్ దూరానికి పనికిరాదు. సాయం ఆగే వేగం దగ్గర కాసేపు తొక్కి, మోటార్ వదిలేటప్పుడు గోడకు తగిలినట్టు ఉందా, మెల్లగా జారినట్టు ఉందా గమనించండి. రోజూ ఎక్కువసేపు ఉండే వేగం అదే. మెట్లున్నవారు బ్యాటరీ తీసి సైకిల్‌ను ఒక అంతస్తు ఎత్తి చూడండి.

షాపువారిని రెండు ప్రశ్నలు అడగండి. కంట్రోలర్ (మోటార్‌కు వెళ్లే కరెంటును అదుపు చేసే భాగం), డిస్‌ప్లే, సెన్సర్ విడిగా దొరుకుతాయా? తప్పు వస్తే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? మూడు వారాలు అంటే మూడు వారాలు మీరు బస్సులో వెళ్లాలి. సైకిల్‌కు యూరప్ భద్రతా ప్రమాణం ఈఎన్ 15194 గానీ, దాని విద్యుత్ వ్యవస్థకు అమెరికా ప్రమాణం యూఎల్ 2849 గానీ ఉందని చూపించమనండి. బ్యాటరీ మంటలు అరుదే అయినా, ప్రమాణం లేని బ్యాటరీలు, జతకాని ఛార్జర్ల దగ్గరే ఆ భయం ఎక్కువ. 36 వోల్టుల లిథియం అయాన్ బ్యాటరీ నిండితే 42 వోల్టులు, 48 వోల్టులది 54.6, 52 వోల్టులది 58.8. ప్లగ్గు ఒకేలా ఉందని ఒకదాని ఛార్జర్ ఇంకోదానికి పెట్టకూడదు.

ఇంటికి తెచ్చాక

రోజు దూరానికి 80, 90 శాతం ఛార్జింగ్ సరిపోతే అక్కడే ఆపండి, బ్యాటరీ ఎక్కువకాలం ఉంటుంది. రెండు మూడు వారాలకోసారి మాత్రం పూర్తిగా నింపండి. లోపలి సెల్‌లను సమానం చేసే పని చాలా బ్యాటరీల్లో నిండుకు వచ్చినప్పుడే జరుగుతుంది. చల్లటి వాతావరణంలోంచి తెచ్చిన వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, గది వేడికి రానివ్వండి. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో ఛార్జ్ చేస్తే సెల్‌లు శాశ్వతంగా దెబ్బతింటాయి. పరుపు పక్కన, బయటికి వెళ్లే దారిలో ఛార్జింగ్ పెట్టొద్దు. కిందపడి నొక్కుకుపోయిన, ఉబ్బిన, వింత వాసన వేసే బ్యాటరీని ఇక వాడకూడదు. కొన్ని వారాలు సైకిల్ తీయకపోతే సగం ఛార్జింగ్‌తో నీడలో ఉంచండి.

మొదటి 300 కిలోమీటర్లకు స్పోకులు, ఇరుసు నట్లు, హ్యాండిల్ బోల్టులు చూపించండి. ఆ తర్వాత ప్రతి 500 కిలోమీటర్లకు చైను తుడిచి నూనె వేయండి, ప్యాడ్ల మందం చూడండి. మీ లెక్కలో అది పది పనిదినాలకోసారి వస్తుంది. సీటు కింది సంచిలో ఒక ట్యూబు, టైరు లివర్లు రెండు, చేతిపంపు, 18 మిల్లీమీటర్ల పానా, వైరు కట్టే ప్లాస్టిక్ పట్టీలు నాలుగు, చైను అతుకు లింకు ఒకటి ఎప్పుడూ ఉంచండి. మిడ్ మోటార్ అయితే పానా బదులు మీ ఇరుసుకు పట్టే అలెన్ కీ పెట్టుకోండి.